నిమ్మకాయ ఎక్కడ పిండాలె?

మామిడి కోతలు నడిచే రోజుల్లో కొల్లాపూర్‌లో తోట ఉన్న ఏ ఇంట్లోనూ రాత్రి రాత్రిలా ఉండదు. కాయ కోసి, సొన కారనిచ్చి, ఏరి, పెట్టెల్లో సర్ది, తెల్లారేసరికి హైదరాబాద్ పక్కన బాటసింగారం మార్కెట్‌కు చేర్చాలంటే బండి నడిరాత్రికే కదలాలి. ఆడవాళ్ల నిద్ర ఆ తర్వాతే. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది. ఒకరు డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దమ్మ. తోట లెక్కలూ, వంటిల్లూ, వాడకట్టులో సగం పిల్లలకు చిట్కా వైద్యమూ ఆమె చేతిలోనే ఉంటాయి. రెండో ఆవిడ ఆమె చెల్లెలి కూతురు, స్టాఫ్ నర్సు. ఊరంతా ‘సిస్టర్’ అనే పిలుస్తుంది.

పెద్దమ్మ మనవరాలికి వచ్చే ఆదివారం పెళ్లిచూపులు. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న ఆ పిల్లకు కండ్ల కింద నలుపు. వాదం ఆ నలుపు గురించే. ఆమె మాత్రం చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది, రెండు కండ్ల మీదా ఆలుగడ్డ ముక్కలతో. ఇలాంటి వాదాల్లో ఆ మొహం ఎవరిదో వాళ్లకే మాట్లాడే వంతు ఆఖర్న వస్తుంది.

సిస్టర్: ఏంది పెద్దమ్మా ఇది? కూరకు కోసిన ఆలుగడ్డ పిల్ల మొహమ్మీద పెట్టినవా?

పెద్దమ్మ: కూరకు వేరే ఉన్నయి. ఇవి ఫ్రిజ్జుల పెట్టి తీసిన. పావుగంట ఉంచితే నలుపు గుంజుకుంటది. నీ చిన్నప్పుడు కండ్లు ఉబ్బితే నేను తడిగుడ్డ ఏసి పండవెట్టలే? తగ్గలే?

సిస్టర్: తగ్గింది. సల్లదనానికి తగ్గింది. మన ఒంటి మీద అన్నిటికన్న పలుచటి తోలు కంటిరెప్పలదే. కిందనే సన్నసన్న రక్తనాళాలు. పలుచటి కాగితం కింద సిరా ఉన్నట్టు అవి నీలంగ, ఊదగ పైకి కనబడతయి. సల్లగ తగిలితే నాళాలు ముడుసుకుంటయి, ఉబ్బు దిగుతది, గంటో రెండు గంటలో తేటగ ఉంటది. దానికి ఆలుగడ్డనే కావాల్నని లేదు. కీరదోసకాయైనా, ఫ్రిజ్జుల పెట్టిన చెంచా అయినా, బట్టల చుట్టిన ఐసుముక్కయినా అంతే చేస్తది. తోలు లోపల ఉన్న నలుపును మాత్రం ఏదీ గుంజుకోదు.

పెద్దమ్మ: గంట తేటగ ఉంటదని నువ్వే అంటున్నవు. చూపులు గంటకన్న ఎక్కువ నడుస్తయా?

సిస్టర్: ఆదివారం పొద్దున పెట్టు, నేనేం అన. మరి ఆ గిన్నెల ఏంది?

పెద్దమ్మ: శెనగపిండి, పసుపు, నిమ్మరసం. ఆలుగడ్డ తీసినంక ఇది పూస్త. ఆరినంక రుద్ది కడగాలె.

సిస్టర్: ఆ గిన్నె ఇటియ్యి ముందు. నిమ్మరసం పులుపు ఆ తోలు తట్టుకోదు, మండుతది. అదిగాక నిమ్మరసం పూసుకోని ఎండల తిరిగితే ఎండకు, రసానికి పొత్తు కుదిరి తోలు కాలినట్టయితది, బొబ్బలొస్తయి, అవి మానినంక నల్లమచ్చ నెలలకొద్ది ఉంటది. నలుపు పోగొట్టబోయి కొత్త నలుపు తెచ్చుకునుడు. మన ఊరి ఎండకాలం సంగతి నీకు నేను చెప్పాల్నా?

పెద్దమ్మ: మరి మేమందరం శెనగపిండి రుద్దుకునే పెరిగినం. మా తోలు ఊడిందా?

సిస్టర్: చేతులకు, వీపుకు రుద్దుకో, ఎవరొద్దన్నరు? కంటి కింద రుద్దుడే తప్పు. అక్కడ ఎంత రుద్దితే అంత నల్లబడతది. దుమ్ముకు, పుప్పొడికి కండ్లు దురదపెట్టి చిన్నప్పటి నుంచి నలుపుకునే పిల్లలను చూడు, రెప్పలకు పైనా కిందా నల్లగ ఉంటది.

పెద్దమ్మ: ఈ పిల్ల కూడా నలుపుకుంటనే ఉంటది. కోతలు మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువ.

సిస్టర్: కాయలు ఏరుతున్నదా?

పెద్దమ్మ: కాలేజీ లేనప్పుడు ఏరదా మరి? కూలీలు దొరుకుడే కష్టంగున్నది.

సిస్టర్: నీ చేతి మీద ఆ నల్లమరక ఎందుకైంది?

పెద్దమ్మ: ఇది కొత్తదా? సొన మరక. తొడిమె తెంపంగ చిమ్ముతది. తడువంగనే కడుక్కోకుంటె పుండయితది, పుండు మానినా నలుపు ఏడాదిదాక పోదు. తోటల చేసిన ఎవర్నడిగినా చెప్తరు.

సిస్టర్: మరి అదే చేత్తోటి కండ్లు నలుపుకుంటే?

పెద్దమ్మ మొదటిసారి ఏమీ అనలేదు. సొనలో తోలును మండించే గుణం ఉందని, జీడిపిక్క నూనె చేసే పనే అదీ చేస్తుందని (మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం) పుస్తకాలు చెబుతాయి. కొల్లాపూర్ తోటల్లో పెరిగిన వాళ్లకు ఆ పుస్తకం అవసరం లేదు. కానీ చేతి మీది మరకకూ కంటి కింది నలుపుకూ చుట్టరికం ఉండొచ్చని ఆమెకు ఇన్నేళ్లలో తట్టలేదు. నాకూ తట్టలేదు.

పెద్దమ్మ: అయితే ఏమంటవ్, సొన వల్లనే వచ్చిందంటవా?

సిస్టర్: చూడకుంట ఎట్ల చెప్త? లేవే, కిటికీ దగ్గరికి రా. అద్దం తీస్కరా.

పిల్ల లేచింది. ముక్కలు గిన్నెలో పడ్డాయి. సిస్టర్ ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి వెలుగువైపు తిప్పింది.

సిస్టర్: ఇట్ల చూడు పెద్దమ్మా. మొహం ఎత్తి వెలుగు సూటిగ పడనిస్తే కొందరికి నలుపు మాయమైతది. వాళ్లకున్నది నలుపు కాదు, నీడ. కంటి కింద గుంత ఉన్నా, ఉబ్బు సంచి ఉన్నా పైనుంచి పడే వెలుగుకు నీడ పడతది. బక్కచిక్కినోళ్లకు, వయసు మీదవడ్డోళ్లకు ఎక్కువ. ఏ పూతా నీడను తుడువదు. ఇగ రెండోది, కింది రెప్పను ఇట్ల మెల్లగ పక్కకు సాగదీస్తే ఊదరంగు ఇంకింత తేటపడితే అది రక్తనాళాలది. సాగదీసినా గోధుమరంగు నలుపు ఎట్లున్నది అట్లనే ఉంటే అది తోలు రంగుల ఉన్నట్టు. శానమందికి రెండు మూడు కలిసి ఉంటయి.

పెద్దమ్మ: దీనికేమున్నది?

సిస్టర్: తోలు రంగే ఎక్కువ. కొంచెం నాళాలది. నీడ లేదు. పై రెప్ప మీద కూడా ఉన్నది చూడు. ఇది చిన్నప్పటి నుంచి ఉన్నదే, సొనతోటి, రుద్దుడుతోటి ఎక్కువైంది.

పెద్దమ్మ: చిన్నప్పటి నుంచి ఉన్నదంటివి. మరి నీకు లేదా? అద్దం నీ దిక్కు తిప్పుకో. దవాఖానల పనిచేస్తవు, మందులన్ని తెలుసు, నీ కండ్ల కింద బొగ్గు పూసినట్టున్నది. నీది పోగొట్టుకోని నాకు చెప్పు.

సిస్టర్: నా రక్తంల హిమోగ్లోబిన్ పదమూడు ఉన్నది, తక్కువ లేదు. నిద్ర డ్యూటీని బట్టి. క్రీములు వాడిచూసిన, కొంచెం తగ్గింది, మానంగనే మళ్ల వచ్చింది. ఇది తాతది పెద్దమ్మా. దేవుని అర్ర గోడకు ఉన్న ఫొటో చూడు. నీకున్నది, అమ్మకున్నది, నాకు దిగింది, దీనికి దిగింది. మన దేశపోళ్లల్ల ఇట్ల ఇంటి వరుసల వచ్చే నలుపు మస్తుమందికి ఉంటది. అది రోగం కాదు. కొంచెం పలుచన చెయ్యొచ్చు గని తుడిచెయ్యలేం.

పెద్దమ్మ: అగో, ఇప్పుడన్నవు! ఇంతసేపు నా ఆలుగడ్డను తిట్టినవు. నీ క్రీము గూడ అంతేనాయె. నాదానికి పైస ఖర్చు లేదు.

మనవరాలు అప్పుడు నోరు తెరిచింది. “తాత ఫొటోకు దండ ఏసి మొక్కుతరు గదా. ఆ కండ్లే నాకొస్తే తప్పేంది?” ఇద్దరూ జవాబు చెప్పలేదు. పెద్దమ్మ గొంతు మాత్రం కొంచెం తగ్గింది.

పెద్దమ్మ: తప్పని నేనంటలేను బిడ్డా. వచ్చేటోళ్లకు మన తాత తెల్వదు. వాళ్లు మొహం చూస్తరు గని ఇంటి ఫొటోలు చూడరు. ‘పిల్లకు ఏమన్న జబ్బున్నదా, కండ్లు గట్లున్నయి’ అంటరు. ఆ మాట నేను వినాలె. దీనమ్మ వినాలె. అందుకే పదిరోజుల కింద మా కోడలు మందుల దుకాణంల అడిగి ఒక ట్యూబు తెచ్చింది. దానికన్న నాది నయం.

సిస్టర్: ఏం ట్యూబు? చూపియ్యి... ఇది పూసినవానే? ఎన్ని రోజులు?

పెద్దమ్మ: వారం పూసింది. జెర తెల్లగైంది గూడ. నాకే మనసొప్పక మాన్పిచ్చిన.

సిస్టర్: ఈ ఒక్క పని మంచిగ చేసినవ్. దీంట్ల స్టెరాయిడ్ ఉన్నది, తెల్లబరిచే మందు గూడ ఉన్నది. డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని చట్టమున్నది, అయినా అమ్ముతరు. మొదలు తెల్లగైతది, అందుకే మళ్ల కొంటరు. నెలలకొద్ది పూస్తే ఆ పలుచటి తోలు ఇంకా పలుచబడతది, కింది నాళాలు ఇంకింత కనబడతయి. మానితే ఎర్రగ మండుతది. కంటి దగ్గర ఎక్కువ రోజులు వాడితే కంటి లోపల ఒత్తిడి పెరుగుతది, శుక్లాలొస్తయి. చూపే పోవచ్చు.

పెద్దమ్మ: అమ్మినోడు మా ఇంటోడా? మీ మందులోడే గదా. నా ఆలుగడ్డ ఎవ్వరి చూపూ తియ్యలే.

ఈ దెబ్బకు సిస్టర్ దగ్గర జవాబు లేదు. నా లెక్కలో ఆ మధ్యాహ్నం పెద్దమ్మ గెలిచిన మాట ఇదే. వంటింటి చిట్కాల్లో చాలావాటికి మేలు చేసే శక్తి తక్కువ, అలాగే కీడు చేసే శక్తి కూడా తక్కువ. చీటీ లేకుండా చేతికొచ్చే ట్యూబుల గురించి ఆ రెండో సగం చెప్పలేం. మేలైనా కీడైనా ఏమీ చేయని ఆలుగడ్డను వెక్కిరించడం తేలిక, ఆ ట్యూబును అడ్డుకోవడమే కష్టం.

సిస్టర్: సరే, నీ దగ్గర మంచివి గూడ ఉన్నయి. కాటుక ఇంట్లనే పడతవు గదా, ఆముదం దీపం మీద? బజార్ల దొరికే కొన్ని సుర్మాలల్ల సీసం ఉంటది, దానికన్న నీది మేలు. కాకపోతే రాత్రి దాన్ని తియ్యకుంట పండుకోవద్దు, సబ్బు పెట్టి తోమొద్దు. ఏలికి చుక్క కొబ్బరినూనె రాస్కోని ఒత్తకుంట తుడవాలె. తోలు ఎండిపోతే నలుపు ఇంకా ముదురుగ కనబడతది, నూనెతోటి ఆ పొడితనం గూడ తగ్గుతది. పగలు బయటికి పోతే కొంగు కప్పుకోని, నల్లద్దాలు పెట్టుకోని పోవాలె. ఎండ తగిలినకొద్ది తోలు రంగు ముదురుతది.

పెద్దమ్మ: నల్లద్దాలు పెట్టుకోని మామిడికాయలు ఏరుతదా? ఊరు నవ్వదా?

సిస్టర్: నవ్వనియ్యి. రాత్రి అన్నంల తొక్కు గూడ తగ్గియ్యి, దాని ఉప్పుకు పొద్దున లేచేసరికి కండ్లు ఉబ్బుతయి. కండ్లొక్కటే కాదు, మొహం, పాదాలు గూడ ఉబ్బుతున్నయంటే అది తొక్కు పని కాదు, కిడ్నీలు చూపిచ్చుకోవాలె. నేను అసలు చూడాల్నన్నది వేరే ఉన్నది. ఏదీ, కింది రెప్ప లోపల చూపియ్యి.

రెప్పను కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది.

సిస్టర్: చూసినవా? రక్తం తక్కువున్నట్టున్నది.

పెద్దమ్మ: నీకు అన్నిటికి రక్తమే. కాలు నొప్పంటే రక్తం, తల తిరిగితే రక్తం. అది మంచిగనే తింటది.

సిస్టర్: పొద్దున ఏం తిన్నవే? ...చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం తినంగనే మళ్ల చాయ్. తిండిల ఉన్న ఐరన్ ఒంటికి పట్టకుంట చాయ్ అడ్డం పడతది. నేను ఊకె అంటలేను. 2019-21ల దేశమంతట చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతానికి రక్తం తక్కువున్నదని తేలింది. పదిమందిల ఆరుగురు అనుకో. 2022 డిసెంబర్ల సర్కారు కడుపుతోటి ఉన్నోళ్లకు న్యూట్రిషన్ కిట్లు ఇయ్యాల్నని రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలు ఏరింది. అండ్ల మన నాగర్‌కర్నూల్ ఉన్నది, గద్వాల గూడ ఉన్నది. ఖర్జూరాలు, నెయ్యి, ఐరన్ సిరప్పు, పురుగుల గోళీ. యాదికున్నదా, మీ చిన్న కోడలు తెచ్చుకున్నది?

పెద్దమ్మ: ఆ బుట్ట ఇంకా ఉన్నది, ఉల్లిగడ్డలు పోస్తున్న. సరే, రక్తం తక్కువే అనుకో. దానికి కండ్ల కింద నలుపు ఎందుకైతది?

సిస్టర్: రక్తం తక్కువైతే నలుపు పుడతదని నేనన. ఉన్న నలుపు కొట్టొచ్చినట్టు కనబడతది. చుట్టు మొహం పాలిపోతే నడుమల నలుపు దాగుతదా? ఊకె అలిసిపోతది, మొహం కళ తప్పుతది. రక్తం పన్నెండు దాటినా తాత నలుపు ఉంటది. మొహం మాత్రం మారుతది.

పెద్దమ్మ: గింతేనా? నేను నిద్ర సంగతి చెప్తవేమో అనుకున్న.

సిస్టర్: అది గూడ ఉన్నది. స్వీడన్ల పదిమందిని 31 గంటలు నిద్రపోనియ్యకుంట ఉంచి ఫొటోలు తీసిండ్రు. వాళ్లే కంటినిండ నిద్రపోయినప్పటి ఫొటోలతోటి కలిపి నలభైమందికి చూపిస్తే, నిద్రలేని మొహాలల్ల కండ్ల కింద నలుపు ఎక్కువున్నదని, రెప్పలు వాలినయని, మనిషి దిగులుగున్నడని చెప్పిండ్రు. 2013ల అచ్చేసిండ్రు.

పెద్దమ్మ: దీనికి స్వీడన్ దాక పోవాల్నా? శ్రీశైలం డ్యాం నీళ్లు మా తల్లిగారి ఊరిని ముంచినప్పుడు మా అమ్మను చూస్తే తెలుస్తుండె. మంచాలకట్ట మాధవస్వామి గుడిని రాళ్లు ఊడదీసి తెచ్చి మన కొల్లాపూర్ల నిలబెట్టిండ్రు. దేవునికి జాగ దొరికింది, మాకు దొరకనీకె ఏండ్లు పట్టింది. అప్పుడు మా అమ్మ రాత్రిళ్లు పండుకోకపోయేది. ఆ కండ్లు మళ్ల ఎన్నడూ తేటపడలే. ఏ ఆలుగడ్డ పెడితే పోతుండె అది?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట ఎవరో ఖాళీ పెట్టెలు దించుతున్నారు.

సిస్టర్: మరి తెలిసీ దీని కండ్ల మీద ఆలుగడ్డ ఎందుకు పెట్టినవ్?

పెద్దమ్మ: నువ్వు చదువుకున్నవు గని ఇంటి సంగతి తెల్వదు. కోతల కాలంల వయసు పిల్ల పట్టపగలు పండుకుంటే ఈ ఇంట్ల ఊకుంటరా? దీనమ్మ పిలుస్తది, దీని నాయన పిలుస్తడు, కూలోళ్లకు నీళ్లియ్యమంటరు. కండ్ల మీద ఆలుగడ్డ పెట్టుకోని పండుకుంటే ‘చూపులకు తయారైతున్నది’ అని ఒక్కరు లేపరు. రాత్రి పన్నెండు దాక పెట్టెలు సర్దింది. పావుగంటన్న పండనియ్యి.

సిస్టర్: ...గట్ల చెప్పరాదు ముందే?

పెద్దమ్మ: నువ్వు వచ్చుడు వచ్చుడే ఆలుగడ్డ మీద పడితివి.

సిస్టర్: అయితే పావుగంట చాలదు. గంట పెట్టు. ముక్కలు ఆరిపోతే మార్చు.

పెద్దమ్మ: పెడత. నిమ్మకాయ మాత్రం ఇయ్యి, కోసినంక పారెయ్యను.

సిస్టర్: పారెయ్యకు. పప్పుల పిండు. మునగాకు, గోంగూర, తోటకూర ఏది వండినా మీద నిమ్మకాయ పిండితే ఆకుల ఉన్న ఐరన్ ఒంటికి మంచిగ పడతది. మొహమ్మీద చెయ్యని మేలు కడుపుల చేస్తది. సోమవారం పొద్దున దీన్ని తీస్కరా, రక్తం పరీక్ష చేపిద్దాం. థైరాయిడ్ గూడ చూపిద్దాం.

పెద్దమ్మ: చూపులు ఆదివారమాయె. సోమవారం పరీక్ష ఎందుకు?

సిస్టర్: వాళ్లు ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా దీని రక్తం దీనికి కావాలె గదా. తక్కువుందని తేలితే డాక్టర్ గోళీలు రాస్తడు. నెలలకొద్ది మింగాలె, పన్నెండు దాటినంక గూడ ఇంకొన్ని నెలలు.

పెద్దమ్మ: అవి మింగితే కడుపుల తిప్పుతదంటరు. దొడ్డికి నల్లగ పోతదంటరు. మా చిన్న కోడలు సగం పారేసింది.

సిస్టర్: నల్లగ పోతే భయం లేదు, గోళీకి గట్లనే పోతది. తిప్పితే అన్నం తిన్నంక మింగాలె. మధ్యల మానేస్తదనే నీకు అప్పజెప్తున్న. నేను చెప్తే వినరు, నువ్వు చెప్తే ఈ వాడకట్టంత వింటది.

పెద్దమ్మ: అప్పజెప్పు. మింగిపిస్త. కాని గోళీకి ముందటెన్క చాయ్ బంద్ అంటవా ఏంది?

సిస్టర్: గోళీకి రెండు గంటలు ఇటు, రెండు గంటలు అటు. అన్నం తిన్నంక గూడ అంతే.

పెద్దమ్మ: మరి నేను తాగుతుంటే ఇది ఊకుంటదా? దీనికి బంద్ చెయ్యాల్నంటే ముందు నాది బంద్ కావాలె. గది మాత్రం నాతోటి కాదు. ఇంకో ఉపాయం చెప్పు.